వసంతంలో అరుదైన వడ్రంగి పిట్టలను, వలస పిట్టలను గుర్తుపట్టడం ఎలా: నల్లమల, పాలమూరు, నల్లగొండ చుట్టుపక్కల

మాఘం దాటి ఎండ చురుక్కుమనడం మొదలైతే చాలు, ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంటుంది. "మన్ననూరు దాకా వెళ్లాం, నెమళ్లు, చిలుకలు, పిగిలిపిట్టలు (బుల్‌బుల్‌లు) తప్ప ఏమీ కనిపించలేదు." "బంగారు రంగు వీపున్న వడ్రంగి పిట్టను చూశాం, అది అరుదైనదేనా?" "ఫోనులో యాప్ ఏదో పేరు చెప్పింది, నమ్మవచ్చా?" విడివిడిగా జవాబులు రాసే కంటే పద్ధతంతా ఒకచోట పెట్టడం మేలనిపించింది. మొత్తం పద్ధతికి మూలం ఒక్కటే: మామూలు పిట్టను ముందు క్షుణ్ణంగా నేర్చుకోవాలి. ఎదురుగా ఉన్నది అది కాదని తేల్చుకున్నాకే అరుదైనదాని పేరు ఎత్తాలి.

మొదలుపెట్టే ముందు ఒక అపోహ తీసేద్దాం. మన వడ్రంగి పిట్టలు వలస పోవు, ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. వలస వచ్చేది ఆ కుటుంబంలో రైనెక్ అనే బూడిదరంగు చిన్న పిట్ట ఒక్కటే. అయినా వసంతంలోనే వెతకమనడానికి కారణం ఉంది. టేకు, చిరుమాను, అందుగు చెట్లు ఆకు రాల్చేసి అడవి బోసిగా ఉంటుంది కాబట్టి కాండం మీద ఏది పాకినా కనిపిస్తుంది. పైగా అది వాటికి జతకట్టే కాలం, ఎండు కొమ్మల మీద డప్పు వాయించినట్టు ముక్కుతో వాయిస్తాయి. ఇక వలస పిట్టల సంగతికొస్తే, చలికాలం ఇక్కడ గడిపినవి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో ఉత్తరానికి తిరిగి వెళ్లిపోతాయి. చాలా జాతుల్లో మగవాటికి వెళ్లే ముందు రంగు తేరుతుంది, కొన్ని పాట కూడా అందుకుంటాయి. డిసెంబరులో మట్టిరంగులో కనిపించిన పిట్టే మార్చిలో పోల్చుకోవడానికి తేలికవుతుంది.

కావలసినవి

- 8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది). 10x అయితే బొమ్మ పెద్దదిగా కనిపిస్తుంది కానీ చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. అడవిలో 8 చాలు.
- చిన్న నోటుపుస్తకం, పెన్సిల్. ఫోనులో రాసుకుంటామంటే మీ ఇష్టం, కానీ ఎండలో తెర కనిపించదు.
- మెర్లిన్ (పిట్ట పేరు చెప్పేది), ఈబర్డ్ (చూసినవాటిని నమోదు చేసేది) యాప్‌లు. మెర్లిన్‌లో మన ప్రాంతపు ప్యాక్‌ను ఇంటి దగ్గరే దించుకోండి. అడవిలో సిగ్నల్ ఉండదు.
- మట్టిరంగు బట్టలు, టోపీ, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు.
- కెమెరా ఉంటే మంచిదే. లేకపోయినా పనేమీ ఆగదు.

పిట్టల కూతలు వినిపించే స్పీకరు మాత్రం తీసుకెళ్లకండి. జతకట్టే కాలంలో కూత వినిపిస్తే, మరో మగపిట్ట తన జాగాలోకి చొరబడిందనుకుని అది గూడు పని మానేసి పోట్లాటకు వస్తుంది. మీకు ఒక ఫొటో, దానికి ఒక పూట నష్టం.

1. కాలాన్ని, చోటును కలిపి ఎంచుకోండి

ఫిబ్రవరి రెండో పక్షం నుంచి మార్చి నెలాఖరు దాకా వడ్రంగి పిట్టలకు మంచి కాలం. మార్చి అంతా వలస పిట్టలు కూడా కలిసి వస్తాయి. ఏప్రిల్ మొదటి పక్షం దాటాక చలికాలపు అతిథులు చాలావరకు ఖాళీ చేసేస్తాయి.

దట్టమైన అడవి కావాలంటే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఫరహాబాద్ గేటు లోపల సొంతంగా నడవనివ్వరు, అటవీశాఖ సఫారీ వాహనంలోనే వెళ్లాలి. వాహనంలోంచి చిన్న పిట్టలను చూడటం కష్టమే. అందుకని అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం కొండ, వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థం లాంటి జనం నడిచే దారులను నేను ఎక్కువ ఇష్టపడతాను. నల్లగొండ వైపు వారికి దేవరకొండ కోట గుట్టలు, నాగార్జునసాగర్ చుట్టూ ఉన్న పొదల అడవి, పానగల్లు ఉదయసముద్రం గట్టు ఉన్నాయి. పాలమూరు వారికి కోయిల్‌సాగర్ చుట్టుపక్కల జొన్న చేలు, పట్టణం పక్కనే పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రి పండ్లు కాసిన రోజుల్లో కంచె బయట నిలబడి చూసినా పని జరుగుతుంది.

రెండు సమయాల్లో శ్రీశైలం దారి పెట్టుకోకండి: మహాశివరాత్రి ముందు రోజులు, చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర రోజులు. భక్తుల రద్దీలో పిట్టలూ ఉండవు, నిలబడే చోటూ ఉండదు.

2. ముందు రోజు రాత్రికే చేరుకోండి

పిట్టలు చురుగ్గా ఉండేది పొద్దు పొడిచిన దగ్గర నుంచి మహా అయితే తొమ్మిదింటి వరకు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. హైదరాబాద్‌లో నాలుగింటికి లేచి బయలుదేరి, టిఫిన్ చేసి, పదింటికి అడవిలో దిగేవారే "ఏమీ కనిపించలేదు" అనేవారిలో ఎక్కువ. మన్ననూరులోనో అచ్చంపేటలోనో రాత్రి ఉండిపోండి. అది కుదరకపోతే సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా చూడండి, ఉదయమంత కాకపోయినా ఫలితం ఉంటుంది.

హెచ్చరిక: మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి. వాటి కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు వస్తాయి. ఇప్పచెట్ల కిందికి మసక చీకట్లో ఒంటరిగా వెళ్లకండి. ఊళ్లో చెంచు పెద్దలను ఎవరినైనా "పెద్దయ్యా, ఈ దారిన పోవచ్చా?" అని అడిగి కదలండి. వీలైతే వారిలో ఒకరిని వెంట తీసుకెళ్లి కూలి సరిగ్గా ఇవ్వండి. ఏ చెట్టు తొర్రలో ఏది గూడు పెట్టిందో వారికి తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

3. నడక తగ్గించి, చెట్టు దగ్గర నిలబడండి

కొత్తవారు చేసే మొదటి తప్పు నడుస్తూనే ఉండటం. ఎండుటాకుల మీద మీ అడుగుల చప్పుడు ఫర్లాంగు దూరం వినిపిస్తుంది. ఒక మంచి చెట్టును చూసుకుని, పొద్దు మీ వీపు వైపు ఉండేలా అరగంట కదలకుండా ఉండండి.

మంచి చెట్టు అంటే పూసిన మోదుగ, బూరుగ, కొండగోగు. పండిన మర్రి, రావి, జువ్వి. పై కొమ్మలు ఎండిపోయిన ముసలి చెట్టు. ఇవేవీ లేకపోతే నీటి చెలమ. ఏప్రిల్‌లో వాగులన్నీ ఎండిపోయి బండల మధ్య చాపంత నీరు మిగిలితే, చుట్టుపక్కల పిట్టలన్నీ వంతులవారీగా అక్కడికే దిగుతాయి. చెలమకు కనీసం ఇరవై ముప్పై అడుగుల దూరంలో, పొద చాటున కూర్చోండి. మరీ దగ్గరగా కూర్చుంటే అవి దాహంతోనే వెనక్కి పోతాయి.

4. చెవితో దిక్కు పట్టుకోండి

మూడు చప్పుళ్లను వేరు చేయడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. "టుక్... టుక్... టుక్" అని గడియారంలా ఒకే లయలో వచ్చేది కంసాలి పిట్ట కూత, వడ్రంగి పిట్టది కాదు. లయ లేకుండా, ఆగి ఆగి "టక్... టక్‌టక్" అని వినిపిస్తే వడ్రంగి పిట్ట తిండి కోసం బెరడు తవ్వుతోంది. గుక్కతిప్పుకోకుండా "ట్రర్‌ర్‌ర్" అని క్షణంపాటు మోగి ఆగిపోతే అది జతను పిలిచే వాయింపు. ఆ వాయింపు మళ్లీ అదే కొమ్మ మీద నుంచి వస్తుంది కాబట్టి పరుగెత్తనక్కరలేదు. చప్పుడు వచ్చిన దిక్కు ఎండు కొమ్మల చివర్లను బైనాక్యులర్‌తో వరసగా వెతకండి.

5. వడ్రంగి పిట్టను ఈ వరసలో తేల్చుకోండి

ముందు పరిమాణం. పిచ్చుకంతా, పిగిలిపిట్టంతా, లేక గోరింక కంటే పెద్దదా?

పిచ్చుకంత ఉండి, సన్న కొమ్మల చివర తిరుగుతూ, గోధుమరంగు నెత్తి, వీపు మీద తెల్ల చారలు ఉంటే అది బ్రౌన్‌క్యాప్డ్ పిగ్మీ వడ్రంగి పిట్ట, సుమారు 13 సెంటీమీటర్లు. లావు కాండాల మీద వెతికేవారికి ఇది దొరకదు.

పిగిలిపిట్టంత ఉండి, ఒళ్లంతా గోధుమ, తెలుపు మచ్చలతో, నుదురు పసుపుగా ఉంటే యెల్లోక్రౌన్డ్. మగదానికి పసుపు నుదుటి వెనక ఎర్ర మచ్చ ఉంటుంది. ఆడదానికి ఆ ఎరుపు ఉండదు. పొట్ట మధ్యలో ఎర్ర మరక రెండింటికీ ఉంటుంది కానీ చెట్టుకు అతుక్కుని ఉన్నప్పుడు అది కనిపించదు. తుమ్మ చెట్లున్న ఎండు నేలల్లో, పొలం గట్ల మీద కూడా దీన్ని వెతకండి.

పెద్దవాటిలోనే అసలు చిక్కు. నల్లగొండ తాటివనాల్లో, మామిడి తోటల్లో రోజూ నవ్వినట్టు అరుస్తూ ఎగిరే బంగారు వీపు పిట్ట బ్లాక్‌రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్. ఇదే మన మామూలు వడ్రంగి పిట్ట. అరుదైనది వైట్‌నేప్డ్. రెండూ బంగారు రెక్కలవే, రెండింటికీ నడుము నలుపే, రెండింటి మగవాటికీ ఎర్ర కుచ్చే. కాబట్టి రంగును, నడుమును వదిలేసి మెడ వెనక చూడండి. మామూలుదానికి మెడ వెనక నలుపు. వైట్‌నేప్డ్‌కు మెడ వెనక నుంచి వీపు మధ్య దాకా తెల్లటి పట్టీ దిగుతుంది, దానికి అటూ ఇటూ భుజాల నలుపు ఉండటంతో ఆ తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడపిట్ట అయితే ఇంకా తేలిక: వైట్‌నేప్డ్ ఆడదానికి నెత్తి పసుపు. మామూలుదాని ఆడపిట్టకు నెత్తి ముందు భాగం తెల్ల చుక్కల నలుపు, వెనక కుచ్చు ఎరుపు.

పిట్ట మీ వైపు తిరిగి కాండం చాటు నుంచి తల మాత్రమే బయట పెట్టినప్పుడు తేల్చేయాలని చూడకండి. వడ్రంగి పిట్టలు మనిషిని చూడగానే కాండం అవతలికి తిరిగిపోతాయి. మీరు వెంట తిరిగితే అదీ తిరుగుతుంది, ఈ ఆటలో గెలిచేది అదే. ఉన్నచోటే ఉండండి. కాసేపటికి అది పైకి పాకుతూ ఇటువైపు వస్తుంది, లేదా ఎగిరి పక్క చెట్టు మొదట్లో వాలుతుంది. అప్పుడు వీపు చూపిస్తుంది.

ఆకుపచ్చగా ఉండి, పొట్ట మీద పొలుసుల్లాంటి గీతలుంటే స్ట్రీక్‌థ్రోటెడ్. ఇది నేల మీదికి దిగి చీమల పుట్టలు తవ్వుతుంది. కాబట్టి అడవిలో చూపంతా పైకే పెట్టుకోకండి, బాట ముందు నేలను కూడా చూస్తూ ఉండండి.

6. రైనెక్‌ను నేల మీద వెతకండి

దీన్ని చూశామని చెప్పేవారి కంటే, చూసి కూడా వదిలేసినవారే ఎక్కువ అనుకుంటాను. సుమారు 16 సెంటీమీటర్ల పిట్ట, ముదురు బెరడు ముక్కలా బూడిద, గోధుమ రంగుల గీతలు. నెత్తి నుంచి వీపు మీదుగా నల్లటి చార. వడ్రంగి పిట్టల కుటుంబమే అయినా తోకను ఊతం చేసుకుని కాండం ఎక్కదు, బెరడు తొలవదు. తుమ్మ పొదలున్న బీళ్లలో, చెరువు గట్ల కింద, చీమల బారు పక్కన కూర్చుని పొడవాటి నాలుకతో ఒక్కొక్కదాన్నే నాకేస్తుంది. కలవరపడితే మెడను పాములా మెలికలు తిప్పుతుంది, పేరు దానివల్లే వచ్చింది.

నడుస్తుంటే పిచ్చుక కంటే పెద్దది, ఏదో బూడిదరంగు పిట్ట నేల మీద నుంచి లేచి దగ్గరి పొదలో దూరితే, వదిలేయకండి. అక్కడే నిలబడి కొంచెంసేపు ఆగితే అదే చీమల బారు దగ్గరికి తిరిగి వస్తుంది. మార్చి దాటాక దీని మీద ఆశ తగ్గించుకోవచ్చు.

7. వలస పిట్టల్లో వేటిని పట్టించుకోవాలి

పూసిన బూరుగ, మోదుగ మీద గుంపుగా అల్లరి చేసే గులాబీ రంగు గోరింకలు, అంటే పరికి పిట్టలు, అరుదేమీ కావు. కానీ వాటి మధ్యలో ఇసుకరంగు ఒళ్లు, పసుపు ముక్కు ఉన్నవి కనిపిస్తే కొత్త జాతి దొరికిందని గంతులేయకండి. అవి వాటి పిల్లలే.

జొన్న చేలల్లో పొట్ట పసుపుగా ఉన్న గుంపులు బంటింగ్‌లు. మగదాని తల నల్లగా, వీపు ఇటుకరంగులో ఉంటే బ్లాక్‌హెడెడ్. తల, గొంతు ఎర్రమట్టి రంగులో, వీపు ఆకుపచ్చ ఛాయలో ఉంటే రెడ్‌హెడెడ్. ఆడవాటిని విడదీయడం నిపుణులకే కష్టం. "బంటింగ్, ఆడది" అని రాసి ముందుకు పోండి.

ఉదయసముద్రం లాంటి చెరువుల అంచున జమ్ము, తుంగ మధ్య బురదలో పరుగులు పెట్టే బ్లూత్రోట్‌ను మార్చిలో తప్పక వెతకండి. మగదాని గొంతు నీలం అప్పటికి బాగా తేరి ఉంటుంది. ఆడదానికి నీలం లేదని కంగారు పడనక్కరలేదు. ఎగిరినప్పుడు తోక మొదట్లో రెండు పక్కలా ఇటుకరంగు కనిపిస్తే చాలు.

అడవి అంచున ఎత్తైన చెట్టు చిటారున కూర్చుని గాలిలోకి ఎగిరి పురుగులను పట్టే నీలి ఆకుపచ్చ పిట్ట వెర్డిటర్ ఫ్లైక్యాచర్. ఒళ్లంతా ఒకే రంగు, కంటి ముందు మాత్రం నల్లటి మచ్చ. రొమ్ము నారింజరంగులో ఉండి, నీడలో కింది కొమ్మల మీద కూర్చుంటే అది టికెల్స్ ఫ్లైక్యాచర్, ఇక్కడి పిట్టే.

గోధుమరంగు చిన్న పిట్ట తోకను మాటిమాటికీ పైకి ఎగరేస్తూ, తోక మొదట్లో రెండు తెల్ల మచ్చలు చూపిస్తే రెడ్‌బ్రెస్టెడ్, తైగా ఫ్లైక్యాచర్‌లలో ఒకటి. తోక మీది కప్పు ఈకలు తోక కంటే నల్లగా ఉంటే తైగా వైపు, ముక్కు అడుగు భాగం లేతరంగులో ఉంటే రెడ్‌బ్రెస్టెడ్ వైపు మొగ్గండి. స్పష్టమైన ఫొటో లేకుండా ఈ రెండింటి మధ్య పందెం కాయవద్దు.

ఇక లీఫ్ వార్బ్లర్‌లు. చింతచెట్టు ఆకుల్లో క్షణం నిలవకుండా తిరిగే ఈ ఆకుపచ్చ పిట్టలతో కుస్తీ పడి ఉదయం అంతా పోగొట్టుకున్నవారు ఎందరో. కూత వినిపించకపోతే వదిలేయండి. మొదటి ఏడాది వీటిని పేరుతో రాయకపోయినా ఏమీ కాదు.

కోట గోడల మీద, కొండ చరియల అంచున నిటారుగా కూర్చునే ముదురు నీలి పిట్ట కోసం దేవరకొండలోనూ ఉమామహేశ్వరంలోనూ కళ్లు పైకెత్తండి. బ్లూ రాక్ థ్రష్‌కు ఇష్టమైన చోట్లు అలాంటివే.

8. ముందు రాయండి, తరువాతే యాప్ తెరవండి

ఇది అందరూ తలకిందులుగా చేస్తారు. యాప్‌లో బొమ్మ చూశాక మన కళ్లు చూడనిదాన్ని కూడా చూసినట్టు చెబుతాయి. పిట్ట ఎగిరిపోగానే నోటుపుస్తకంలో రాయవలసినవి: పరిమాణం, ముక్కు ఆకారం, తల మీది గుర్తులు, వీపు, తోక, ఏం చేస్తోంది, ఏ చెట్టు మీద, ఎన్ని గంటలకు. బొమ్మ గీయడం రాకపోయినా కోడిగుడ్డంత ఆకారం గీసి రంగులెక్కడున్నాయో గీతలు పెట్టండి.

మెర్లిన్ కూతను విని పేరు చెబుతుంది, సాయమే. అయితే నల్లమలలో రాకెట్ తోక పోలిగాడు ఉంది. ఇది ఇతర పిట్టల కూతలను అచ్చం అనుకరిస్తుంది. యాప్ అరుదైన పేరు చూపించినప్పుడల్లా దగ్గరలో రెండు పొడుగాటి తోక ఈకల నల్లపిట్ట ఉందేమో ముందు చూడండి. కూత ఒక్కటే ఆధారంగా అరుదైన పేరు రాయవద్దు.

9. సరిచూసుకోవడం

ఇంటికి వచ్చాక ప్రతి అరుదైన పేరుకూ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

- దీన్ని పోలిన మామూలు పిట్ట ఏది? అది కాదని చెప్పడానికి నేను స్వయంగా చూసిన గుర్తు ఏమిటి?
- కనీసం మూడు గుర్తులు రాసుకున్నానా? "రంగు అలాగే ఉంది" అన్నది లెక్కలోకి రాదు.
- ఈ నెలలో ఈ జిల్లాలో ఇది ఉండవలసిందేనా? ఈబర్డ్‌లో జిల్లా వారీగా నెలల పట్టిక ఉంటుంది.
- వెలుగు పిట్ట వెనక నుంచి వచ్చిందా? ఎదురు వెలుగులో ఏ పిట్టయినా నల్లగానే కనిపిస్తుంది.

ఒక్క ప్రశ్నకు జవాబు తడబడినా పేరును ఒక మెట్టు కిందికి దించండి: "వైట్‌నేప్డ్" కాదు, "బంగారు వీపు వడ్రంగి పిట్ట, జాతి తేలలేదు". ఈబర్డ్‌లో నమోదు చేశాక పరిశీలకులు వివరం అడిగితే చిన్నబుచ్చుకోకండి. మీ నోటుపుస్తకంలోని మాటలనే యథాతథంగా పంపండి, అవే వారికి కావాలి. గూడు కనిపిస్తే మాత్రం చోటు వివరాలు, ఫొటోలు బయటపెట్టకండి.

పెరట్లో పిట్ట పడిపోతే

ఏప్రిల్ చివర నుంచి ఈ ప్రశ్న కూడా వస్తుంది. దక్షిణాన చలికాలం గడిపిన పొన్నంగి పిట్ట రాత్రిపూట ప్రయాణిస్తూ ఉత్తరానికి పోతుంది. ఆకుపచ్చ వీపు, లేత గోధుమరంగు పొట్ట, తోక కింద ఎరుపు, పొట్టి తోక. అలసిపోయో, కిటికీ అద్దానికి తగిలో ఊళ్లో ఇళ్ల దగ్గర పడిపోతుంటుంది. దొరికితే గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి పెట్టి, చీకటిగా చల్లగా ఉన్న మూల ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. అన్నం, రొట్టె పెట్టకండి. పిల్లలను చుట్టూ చేరనివ్వకండి. గంటో రెండు గంటలో గడిచాక పెట్టెలో గట్టిగా కదులుతుంటే చెట్లున్న చోట నేల మీద పెట్టి మూత తీసి దూరంగా జరగండి. రెక్క వేలాడుతుంటే, రక్తం కనిపిస్తే అటవీశాఖ వారికి చెప్పండి. ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.